మా కుర్చీలో కూర్చున్న షూరా పెద్దమనిషి

ఆయన చనిపోయిన వార్త మా సెలూన్‌కు మూడు రకాలుగా వచ్చింది.

పొద్దున జహంగీర్ భాయ్ ఫోన్‌కు వచ్చిన మొదటి సందేశంలో ఒక ఫోటో, దాని కింద కొన్ని వరుసల అరబ్బీ ఉన్నాయి. అరబ్బీ వ్యాకరణం చెప్పిన ఉపాధ్యాయుడు, హాజీ, ఫలానా వాళ్ళ తండ్రి, దోహాలో కాలం చేశారని రాశారు. మధ్యాహ్నానికి ఇంకొకరు పంపినదాంట్లో అదే ఫోటో. కింద మాత్రం "షూరా సభ్యుడు" అని ఉంది. సాయంత్రం మూడోది వచ్చింది. ఆయన ఏనాడూ ఏ షూరాలోనూ లేరు, అలాంటి పుకార్లు పంపకండి, ఆయన కోసం ప్రార్థన చేయండి, అని.

ఫోటోలో ఉన్న గడ్డం నేను చేసినదే. ఆయనకు ఎడమ చెంప మీద పాత గాయపు మచ్చ ఒకటి ఉండేది. అక్కడ వెంట్రుకలు మొలవవు. చుట్టూ ఉన్న వెంట్రుకలను కాస్త పొడవుగా వదిలి దాన్ని కప్పేవాణ్ణి. అది ఫోటోలో కూడా తెలుస్తోంది. గడ్డం విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు. మిగతా అన్నిటిలోనూ ఉంది.

"అసలు ఈయన ఎవరురా గంగాధర్?" అన్నాడు జహంగీర్ భాయ్ మూడు సందేశాలనూ పైకీ కిందికీ జరుపుతూ.

"మనకెర్క ఉన్నది అమ్మో అనే పేరొక్కటే," అన్నాను.

నాది జగిత్యాల వైపు పల్లె. జహంగీర్ భాయ్‌ది బోధన్. దోహాలో ఉమ్ ఘువైలినాలోని ఈ సెలూన్‌లో మా కుర్చీలు పక్కపక్కన ఉంటాయి. నేను మొదట కంపెనీ వీసా మీద సైట్ పనికి వచ్చి బిర్కత్ అల్ అవామిర్ క్యాంప్‌లో ఉన్నాను. అక్కడ శుక్రవారాలు తోటివాళ్ళకు క్షవరం చేస్తూ చేస్తూ మళ్ళీ మా ఇంటి పనిలోకే వచ్చి పడ్డాను. ఊళ్ళో ఆ పని మా అన్న రాజేశం చేస్తాడు. అంతకు ముందు మా నాయన చేశాడు.

షూరా గురించి కూడా చెప్పాలి. పాలస్తీనా వాళ్ళ పార్టీ ఒకదానికి, టీవీలో కనిపించే నాయకులు కాక, లోపల ఇంకొక సభ ఉంటుంది. దాన్ని షూరా అంటారు. సంప్రదింపు అని దాని అర్థమట. నాయకులను ఎన్నుకునేదీ పెద్ద నిర్ణయాలకు సరే అనవలసిందీ ఆ సభేనట. అందులో ఎవరెవరు ఉన్నారో బయటికి చెప్పరు. కొందరు గాజాలో, కొందరు జైళ్ళలో, కొందరు ఇలా పరాయి దేశాల్లో ఉంటారు. ఇదంతా ఆయన పోయాక జహంగీర్ భాయ్ అక్కడా ఇక్కడా చదివి నాకు చెప్పింది. ఆయన బతికి ఉన్నన్నాళ్ళూ మేము షూరా అన్న పేరు ఆయన ముందు ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

అమ్మో అంటే వాళ్ళ భాషలో బాబాయి. పాలస్తీనా పిల్లలు పెద్దవాళ్ళందరినీ అలాగే పిలుస్తారు. మొదటిసారి ఎవరో ఆయన్ను అలా పిలవగా విని, ఈయన్ను చూసి ఎందుకు భయపడుతున్నారో అనుకున్నాను. తరువాత నేనూ అలాగే పిలిచాను. పిలిచిన ప్రతిసారీ నోట్లో కొంచెం భయం, కొంచెం ముద్దు రెండూ కలిసేవి.

భయపడవలసిన రూపం కాదు ఆయనది. పొట్టి మనిషి. ఎండాకాలంలో కూడా చొక్కా మీద బూడిదరంగు కోటు. ఉండేది అల్ ముంతజాలో. అక్కడ అడుగుకో సెలూన్ ఉంది. ఇంత దూరం మా దగ్గరికి ఎందుకు వచ్చేవారో తెలియదు. వచ్చినా ఒకసారి కిరాణా కొట్టు వైపు నుంచి, ఒకసారి వెనక సందు నుంచి, ఒకసారి టాక్సీలో వచ్చి చాలా ముందే దిగి నడుచుకుంటూ. ఫోన్ తెచ్చేవారు కాదు. ఎప్పుడు వస్తారో ముందుగా చెప్పేవారు కాదు. ముసలాయనకు చాదస్తం అనుకున్నాం.

కూర్చునేటప్పుడు అద్దాన్ని కొంచెం తిప్పించుకునేవారు. ఆయన మొహం సగమే కనిపించేది. మిగతా సగంలో వీధి కనిపించేది.

ఇంకొక అలవాటు చూసి మొదట్లో నవ్వు ఆపుకునేవాళ్ళం. ఏదైనా మాట్లాడాలంటే ముందు కుడిచేతి చూపుడువేలు ఎత్తేవారు. ఎత్తి ఆగేవారు. ఎవరైనా ఆయన వైపు చూసి తల ఊపితే అప్పుడు మొదలుపెట్టేవారు. షాపులో ముగ్గురమే ఉన్నా అంతే. ఒంటి మీద గుడ్డ కప్పాక చెయ్యి లోపల ఉండిపోతుంది గదా, అప్పుడు గుడ్డ కిందే వేలు లేచేది. తెల్ల గుడ్డ చిన్న గుడారంలా పైకి లేవడం చూసి, "చెప్పండి అమ్మో" అనేవాణ్ణి.

ఏది అడిగినా తిరిగి ఒకటే అడిగేవారు. "మిగతావాళ్ళు ఏమన్నారు?"

కరక్ చాయ్ తాగుతారా అని అడిగినా అదే మాట. మిగతావాళ్ళు చాయ్ అంటే ఆయనా చాయ్. ఒకసారి ఆయన గడ్డం ఎక్కువ తగ్గించాలని జహంగీర్ భాయ్, తగ్గిస్తే మచ్చ కనబడుతుందని నేను వాదులాడుకున్నాం. మా వాదన తెలుగులోనూ దక్కనీలోనూ సాగింది. ఆయనకు ఒక్క ముక్క అర్థం కాదు. అయినా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ చివరిదాకా విన్నారు. తరువాత గుడ్డ కింద వేలు లేచింది.

"మీరిద్దరూ ఒక మాట మీదికి రండి. అప్పుడు మొదలుపెట్టండి."

"గడ్డం మీది అమ్మో. మీకెట్లా కావాలో చెప్పండి," అన్నాను.

ఆయన నిజంగా ఇబ్బంది పడ్డారు. తనకు ఏది కావాలో అనే ప్రశ్న ఎవరూ అడగని చోటు నుంచి వచ్చినట్టు చూశారు. చివరికి మేమిద్దరం మధ్యస్థంగా ఒక కొలతకు ఒప్పుకున్నాం. అది ఎవరికీ నచ్చలేదు. ఆయన మాత్రం అద్దంలో చూసుకుని, "తయ్యిబ్, బాగుంది," అని తృప్తిగా లేచారు.

నాకు అరబ్బీ వచ్చినంతలో బాగానే వచ్చు. ఆయన నాతో నిదానంగా, బడిపిల్లలకు చెప్పినట్టు మాట్లాడేవారు. నా తప్పులు దిద్దేవారు. అయినా ఒక్క మాట దగ్గర ఎప్పుడూ తికమకపడేవాణ్ణి. ఆయన నేను అనరు. 'నహ్ను' అంటారు. తలనొప్పిగా ఉందన్నా నహ్నుతోనే. ఆ మాటను లోపల తెలుగులోకి మార్చుకోబోతే చిక్కు వచ్చేది. అది 'మేము' అవుతుందా, 'మనం' అవుతుందా? వాళ్ళ భాషలో రెండిటికీ ఒకటే మాట. "నహ్ను అలసిపోయాం" అన్నప్పుడు నన్ను కలుపుకుని అంటున్నారో, నేను బయటివాణ్ణి అని అంటున్నారో తెలిసేది కాదు. ఒకసారి అడిగాను కూడా. మా భాషలో ఈ తేడా ఉందని చెప్పి, మీరు ఏది అనుకుంటారని అడిగితే చాలాసేపు ఆలోచించారు.

"మీ భాష జాగ్రత్త గల భాష," అన్నారు. జవాబు మాత్రం చెప్పలేదు.

గాజాలో యుద్ధం మొదలయ్యాక కొన్నాళ్ళు రాలేదు. వచ్చినప్పుడు గడ్డం బాగా పెరిగిపోయి ఉంది. వాళ్ళ చెల్లెలి కుటుంబం ఇల్లు కూలి చనిపోయిందని ఆ రోజు ఆయనతో వచ్చిన మనిషి జహంగీర్ భాయ్ చెవిలో చెప్పి వెళ్ళాడు. టీవీలో అరబ్బీ వార్తలు వస్తున్నాయి. అవి తీసెయ్యమని ఆయన సైగ చేశారు. జహంగీర్ భాయ్ మారిస్తే క్రికెట్ వచ్చింది. అదే ఉంచమన్నారు.

చాలాసేపు అదే చూశారు. ఆట గురించి ఏమీ తెలియదు. ఒక బ్యాట్స్‌మన్ అవుటో కాదో తేలక అందరూ మైదానం మధ్యలో నిలబడి పెద్ద తెర వైపు చూస్తున్నారు.

"వీళ్ళు ఎవరి కోసం చూస్తున్నారు?" అని అడిగారు.

"థర్డ్ అంపైర్ కోసం. పైన గదిలో ఉంటడు," అని జహంగీర్ భాయ్ చెప్పాడు.

"అతను కనిపించడా?"

"కనిపించడు. బత్తీ వెలుగుతుంది, అంతే."

"ఆటలో ఉన్నవాళ్ళు ఎవరూ అతనికి ఎదురుచెప్పరా?"

"చెప్పరు. చెప్తే వాళ్ళకే నష్టం."

ఆయన వేలు ఎత్తారు. నేను తల ఊపాను. వేలు అలాగే ఉంచి, కొంతసేపటికి దించేశారు. గడ్డం చేయించుకుని వెళ్ళిపోయారు.

మా వదిన తమ్ముడు ఒకడు ఇజ్రాయెల్‌లో ముసలివాళ్ళకు సేవ చేసే పనిలో ఉన్నాడు. మా వైపు నుంచి అక్కడికి పోయినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ పార్టీవాళ్ళు దాడి చేసి యుద్ధం మొదలైన ఆ ఉదయం అతను తాను చూసుకునే ముసలావిడతో పాటు ఒక గదిలో తలుపు వేసుకుని ఉండిపోయాడు. వదిన ఇక్కడికి ఫోన్ చేసి, "దుబాయ్‌ల మీకేం కాలేదు గదా?" అని ఏడ్చింది. ఏ దేశం ఎక్కడుందో ఆమెకు తెలియదు. మా వాళ్ళకు గల్ఫ్ అంతా దుబాయే. ఈ సంగతి అమ్మోకు చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఊగిసలాడి ఒకరోజు చెప్పేశాను.

"ఆ అబ్బాయి క్షేమమేనా?" అన్నారు.

"క్షేమమే."

"ఆ ముసలావిడ?"

"ఆమె కూడా."

"అల్‌హందులిల్లాహ్, దేవుడి దయ," అన్నారు. అని కళ్ళు మూసుకున్నారు. ఆ మాట ఎవరి కోసమో, ఎంతమంది కోసమో నేను తేల్చుకోలేకపోయాను. అది నిజంగానే అన్నారని మాత్రం తెలిసింది. చేతి కింద మొహం వదులైతే క్షురకుడికి తెలుస్తుంది.

ఇక మా అన్న సంగతి.

మా ఊళ్ళో గ్రామాభివృద్ధి కమిటీ ఉంది. అందరూ వీడీసీ అంటారు. సర్కారు పెట్టింది కాదు, ఎవరూ ఓటు వేసింది కాదు. కులానికి ఇంతమంది అని పెద్దలు వాళ్ళలో వాళ్ళే ఏర్పాటు చేసుకున్నది. వాళ్ళు కూర్చుని ఒక మాట అంటే ఊరంతా ఆ మాట మీద ఉండాలి. చిన్న లింగయ్య అనే ఆయన తన పొలం దారి తగాదాను కమిటీకి చెప్పకుండా పోలీస్ ఠాణాకు తీసుకుపోయాడు. కమిటీ ఆయన్ను వెలివేసింది. ఎవరూ మాట్లాడొద్దు, కిరాణా ఇవ్వొద్దు, క్షవరం చేయొద్దు. అది నడుస్తుండగానే లింగయ్య భార్య చనిపోయింది. దినాల నాడు కొడుకుకు గుండు చేయాలి. మా అన్న పెట్టె పట్టుకుని పోయి చేసి వచ్చాడు. దానికి కమిటీ మా అన్నను కూడా వెలివేసింది.

వదిన ఫోన్ చేసి ఈ సంగతి చెబుతున్నప్పుడు అమ్మో నా కుర్చీలోనే ఉన్నారు. ఫోన్ పెట్టేశాక గీసిన చోటే మళ్ళీ గీస్తున్నానని గమనించి, "కత్తి పక్కన పెట్టు, యా ఇబ్నీ. ఏమైంది?" అన్నారు. ఇబ్నీ అంటే నా కొడుకా అని.

చెప్పాను. ఆయన అంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు. కమిటీలోకి ఎవరు ఎవరిని తీసుకుంటారు? వాళ్ళ పేర్లు ఊరికి తెలుసా? లోపల ఒకరు వద్దన్నారనుకో, అతను బయటికి వచ్చి ఆ మాట చెప్పొచ్చా? అలా అడుగుతూ పోయారు.

"చెప్పొద్దు. బయటికి అందరిదీ ఒకటే మాట," అన్నాను.

ఆయన తల ఊపారు. తనకు బాగా తెలిసిన వీధి పేరు విన్నట్టు ఊపారు.

"మీ అన్నకు ఏం చేస్తే వెలి తీస్తారు?"

"అందరి ముందర మొక్కి తప్పైందనాలె. లింగయ్య గడప మళ్ళ తొక్కనని ఒప్పుకోవాలె."

"అయితే మొక్కమను."

నాకు కోపం వచ్చింది. "గుండు గీసుడు తప్పా అమ్మో? చావు ఇంట్లో?"

"తప్పని అనలేదు. పదిమంది కూర్చుని అన్న మాటను ఒక్కొక్కరు తెంచుకుంటూ పోతే తరువాత ఏ మాటా నిలవదు. లోపల ఎంతైనా పోట్లాడు. గడప దాటాక ఒకటే మాట. మేము అలాగే బతికాం."

"మా అన్న లోపల లేడు గదా. అతన్ని ఎవరు అడిగిన్రు?"

ఆయన చూపు అద్దం వైపు తిప్పుకున్నారు. కాని ఆయన చెప్పిన తీరులో ఏదో ఉంది. జీవితమంతా ఆ పనే చేసిన మనిషి చెప్పినట్టు. అది చెవిలో పెట్టుకునే నేను అన్నకు ఫోన్ చేశాను. ఇక్కడ ఒక పెద్దమనిషి ఉన్నాడు, చదువుకున్నవాడు, ఇట్లా చెప్పాడు, ఇంట్లో పిల్లలున్నరు, ఒక్కసారి మొక్కేస్తే పోతుంది, అన్నాను. "సూస్తలే," అని అన్న ఫోన్ పెట్టేశాడు.

తరువాత దోహాలోనే బాంబులు పడిన రోజు వచ్చింది. మధ్యాహ్నం దాటాక దూరంగా చప్పుళ్ళు వినిపించాయి. ఉరుములేమో అనుకున్నాం. ఆకాశం తెల్లగా ఉంది. వీధిలోకి వస్తే ఉత్తరం వైపు పొగ. ఆ పార్టీ వాళ్ళు ఉన్న ఇళ్ళ మీద దాడి జరిగిందని కాసేపటికి ఫోన్లలో వచ్చింది. షాపులో ఉన్న నేపాలీ కుర్రాళ్ళు సగం క్షవరంతోనే లేచి బయట నిలబడ్డారు.

"అమ్మో ఎట్లున్నడో," అన్నాడు జహంగీర్ భాయ్.

ఆ మాట విని నేను అతని మొహం చూశాను, అతను నా మొహం చూశాడు. వ్యాకరణం చెప్పుకునే ముసలాయన గురించి మాకెందుకు భయం? అలా మాలో మాకే తెలిసిపోయింది, మేము చాలాకాలంగా అనుమానిస్తున్నామని. ఫోన్ చేద్దామంటే ఆయన నంబరు లేదు. ఇల్లు ముంతజాలో అని తప్ప ఎక్కడో తెలియదు.

కొన్ని వారాల తరువాత ఆయనే వచ్చారు. నేరుగా ముందు తలుపు నుంచే వచ్చారు. అద్దం తిప్పమనలేదు. కోటు ఆయన భుజాల మీద వదులుగా వేలాడుతోంది.

నేను నురగ పూస్తుండగా నోరు జారింది. ముందే అనుకుని అడిగింది కాదు. "అమ్మో, మా ఊరి కమిటీలో ఎవరు సరే అన్నరో ఎవరు వద్దన్నరో తెలియదు. మీవాళ్ళలో కూడా అంతేనా? యుద్ధం మొదలైన ఆ రోజు దాడి, అందరినీ అడిగే చేసిన్రా?"

జహంగీర్ భాయ్ చేతిలోని మెషిన్ ఆగిపోయింది. ఆయన కోపగించుకుని లేచిపోతారనుకున్నాను. గుడ్డ కింద వేలు లేచింది. నేను తల ఊపాను.

"మమ్మల్ని చాలా అడిగేవారు," అన్నారు. "ఓపిక పట్టాలా, తిరగబడాలా. అన్నీ పెద్ద పెద్ద మాటలు. అన్నిటికీ మేము ఏదో ఒకటి చెప్పాం. ఆ రోజు జరిగినది మేము సరేనన్న ఏ మాటలో ఉందో అని నేను వెతుకుతున్నాను. ఉందో లేదో నాకు తెలియడం లేదు."

నేను, అన్నారు. 'అన'. ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. విన్నది సరిగానే విన్నానా అని సందేహం వచ్చింది.

"లేకపోతే మీకు సంబంధం లేనట్టే గదా," అన్నాను, ఏదో ఓదార్పుగా ఉంటుందని.

"లేకపోతే ఇంకా ఘోరం, యా ఇబ్నీ. అప్పుడు మేము అన్నేళ్ళు ఎందుకు కూర్చున్నట్టు?"

పాపం అనిపించింది. వెంటనే మా వదిన తమ్ముడు తలుపు వేసుకున్న గది గుర్తొచ్చింది, అతనిలా తలుపు వేసుకునే వీలు కూడా దొరకనివాళ్ళు గుర్తొచ్చారు. ఆ తరువాత గాజాలో తెల్లగుడ్డల్లో చుట్టిన పిల్లలు. ఈయన చెల్లెలు. అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఈ మనిషి మెడ మీద నేను ఎంత మెత్తగా కత్తి ఆనించాలో కూడా నాకు తెలియకుండా పోయింది. చేయాల్సిన పని కనుక చేశాను.

మొహం తుడుస్తుండగా ఆయన అడిగారు. "మీ అన్న మొక్కాడా?"

"ఇంకా లేదనుకుంటా."

"వద్దని చెప్పు."

"మీరే గదా చెప్పమన్నది?"

"చెప్పాను. ఇప్పుడు వద్దంటున్నాను. చావు ఇంటికి పోయినవాడు ఎవరికీ మొక్కక్కర్లేదు. ఇవాళే చెప్పు."

ఆయన వెళ్ళగానే అన్నకు ఫోన్ చేశాను. వదిన ఎత్తింది. అన్న పొద్దున్నే పోయి మొక్కి వచ్చాడని చెప్పింది. కమిటీ హాలు ముందు, ఊరంతా చూస్తుండగా, భుజం మీది తువ్వాల తీసి నేల మీద పరిచి. వెలి తీసేశారు. షాపు తెరిచాడు. లింగయ్య గడప తొక్కనని మాట ఇచ్చాడు. ఫోన్ అన్నకు ఇవ్వమంటే, "నీతోని మాట్లాడడట," అంది.

మళ్ళీ అమ్మో వచ్చేదాకా నాకు నిద్ర సరిగా పట్టలేదు. వచ్చినప్పుడు కుర్చీ చూపించకుండానే చెప్పాను. మీ మాట విని మా అన్నను మొక్కించాను, మీరు మాట మార్చేసరికి అంతా అయిపోయింది, ఇప్పుడు మా అన్న నాతో మాట్లాడడు, అన్నాను. నా గొంతు పెరిగింది. జహంగీర్ భాయ్ నా భుజం పట్టుకున్నాడు.

అమ్మో నిలబడే విన్నారు. వేలు ఎత్తలేదు.

"మీ అన్నకు ఫోన్ చెయ్యి," అన్నారు. "నేను మాట్లాడతాను."

ఫోన్ ముట్టుకోని మనిషి. నేను కలిపి స్పీకర్ పెట్టి ఇస్తే రెండు చేతులతో పట్టుకుని మొహానికి దగ్గరగా పెట్టుకున్నారు. వదిన బతిమాలి అన్నకు ఇచ్చినట్టుంది, అటు నుంచి ఊపిరి వినిపించింది. అమ్మో అరబ్బీలో అన్నారు, నేను తెలుగులో చెప్పాను.

"ఆ మాట నీ తమ్ముడిది కాదు. నాది. నేను చెప్పాను, అతను నమ్మాడు. నేను చెప్పింది తప్పు. ఇందులో ఇంకెవరూ లేరు. నేను ఒక్కణ్ణే."

నేను చెబుతూ ఉంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన ఒక పల్లెటూరి క్షురకుడికి ఒక గుండు గురించి, ఒక తువ్వాల గురించి చెబుతున్నారు. ఆయన ఈ ఒక్క విషయం గురించే చెబుతున్నారా, ఈ ఫోన్‌లో చెప్పలేని ఇంకేదైనా ఇందులో కలిపి చెబుతున్నారా అని ఆ రోజు అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాను.

అటు నుంచి అన్న గొంతు వచ్చింది. "ఎవలురా ఆయన? మీ దుబాయ్ సేటా?"

"కాదే. మా గిరాకి. పెద్దాయన."

"మంచిగున్నదా ఆయన పానం? గొంతు గట్లున్నది."

ఇది అరబ్బీలో చెప్పాను. అమ్మో మొహం మీద నవ్వు లాంటిది వచ్చింది. "బాగున్నానని చెప్పు," అన్నారు. ఫోన్ నా చేతికిచ్చి, ఆ రోజు గడ్డం చేయించుకోకుండానే వెళ్ళిపోయారు.

ఆ తరువాత రెండు మూడుసార్లు వచ్చారేమో. బాగా దగ్గేవారు. ఫోటోలోని గడ్డం ఆ రోజుల్లోది. తరువాత రాలేదు. తరువాత ఆ మూడు సందేశాలు.

పరామర్శకు పోవాలని జహంగీర్ భాయ్ అన్నాడు. నేను హిందువును, పోవచ్చునా అంటే, "గడ్డం గీసినోనివి, నువ్వు పోకుంటే ఎవరు పోతరు?" అన్నాడు. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఇద్దరం పోయాం. పెద్ద హాలు. గోడల వెంట కుర్చీలు. చేదు కాఫీ చిన్న కప్పుల్లో పోస్తున్నారు. ఆయన అల్లుడు గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్ళందరి చేతులూ పట్టుకుంటున్నాడు. అమ్మో ఇక లేరని ఆ చేతుల మధ్య నిలబడ్డప్పుడు నాకు మొదటిసారి ఏడుపు వచ్చింది.

నా పక్కన కూర్చున్న ఒక పెద్దాయన, ఆయన అన్ని సభల్లోనూ గట్టిగా నిలబడిన మనిషి అని ఎవరికో చెబుతున్నాడు. అవతలివైపు మనిషి వంగి, కాదు, చివర్లో ఆయన అన్నిటి నుంచీ తప్పుకున్నారు అన్నాడు. ఇంకొకాయన విసుక్కుని, ఆయనకు బడి తప్ప ఇంకేమీ తెలియదు, పోయినవాడి మీద కథలు చెప్పకండి అన్నాడు. ముగ్గురూ ఆయన్ను ప్రేమగానే తలుచుకుంటున్నారు.

అందులో ఒకాయన నా వైపు తిరిగి, నేనెవరో అడిగాడు. చెప్పాను.

"నీ దగ్గర మాట్లాడేవారా? ఏమైనా చెప్పేవారా?"

అతని కళ్ళల్లో ఆశ ఉంది. ఆ ఒక్క సంగతి ఎలాగైనా తెలుసుకోవాలనే ఆశ. నేను విన్నది చెబితే అతనికి మేలు జరుగుతుందో, చచ్చిపోయిన మనిషికి కీడు జరుగుతుందో తెలియదు. చెప్పకపోతే ఎవరికి మేలో అదీ తెలియదు. ఆయనే స్వయంగా తెలియదని చెప్పిన మాట అది. తెలియదనే మాటను ఒకరి నుంచి ఒకరికి ఎలా అందిస్తారు?

"మా అన్నతో ఒకసారి ఫోన్‌లో మాట్లాడారు," అన్నాను.

అతను ఇంకా చెబుతానేమోనని కాసేపు చూసి, తల తిప్పుకున్నాడు.

బయటికి వచ్చి చెప్పులు వెతుక్కుంటుంటే ఫోన్ మోగింది. అన్న. ఇన్ని నెలల్లో తనంతట తాను చేయడం ఇదే.

"తమ్మీ, ఆ ముసలాయన ఎట్లున్నడు?"

"పోయిండే. గిప్పుడు ఆడికెళ్ళే వస్తున్న."

వెనక మా ఊరి బస్సు హారన్ వినిపించింది. షాపు ముందు నిలబడి మాట్లాడుతున్నట్టున్నాడు.

"ఇయ్యాల లింగయ్య ఇంటికి పోయిన," అన్నాడు. "గడ్డం మస్తు పెరిగింది. గీసి వచ్చిన."

"కమిటోళ్లకు ఎరికైందా?"

"ఎరుకగాకేంది? పట్టపగలు పోయిన."

"ఏమన్నరు?"

"ఇంకా ఏమనలే. పొద్దుగూకినంక కూసుంటరట."

జహంగీర్ భాయ్ కారు దగ్గర నుంచి యల్లా యల్లా, పద పద అని చెయ్యి ఊపుతున్నాడు. నాకు సంతోషపడాలో భయపడాలో తెలియలేదు. మొక్కమని ఒకసారి చెప్పినవాణ్ణి, ఈసారి ఏం చెప్పాలో నోటికి రాలేదు. ఏదో ఒకటి అనాలి గనుక, జాగ్రత్తగ ఉండు అన్నాను.

"ఏం జాగ్రత్తరా," అన్నాడు అన్న. "గీసుడైతే అయిపోయింది."